సిక్కిం అడవి ఉల్లి విత్తనాలు విశాఖలో మొలుస్తాయా? అరకు "అడవి ఉల్లి" అదేనా?

అమ్మా, విత్తనాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గడ్డను వంటింట్లోంచి బయట పెట్టండి.

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ అబ్బాయి సెప్టెంబరు ఆఖర్లో ఉత్తర సిక్కిం వెళ్లాడు. యుమ్‌తాంగ్ లోయ దారిలో ఫర్ చెట్ల అంచున, ఊదారంగు పువ్వులు గుత్తిగా పూసిన ఉల్లి మొక్కకు ఫొటో తీశాడు. లాచుంగ్‌లో బస చేసిన ఇంటివాళ్లు తమ పెరట్లో ఉన్న అదే మొక్క విత్తనాలు పొట్లం కట్టి ఇచ్చారు. మీకు విశాఖ మధురవాడలో మిద్దె తోట ఉంది. ఫొటో చూసిన పక్కింటివాళ్లు "ఇది మన అరకు కొండల్లోనూ దొరుకుతుంది, అడవి ఉల్లి" అని పిడికెడంత గడ్డ ఒకటి తెచ్చి ఇచ్చారు. రెండూ ఒకటేనా, పప్పులో వేసుకోవచ్చా, విత్తనాలు మిద్దె మీద వస్తాయా, రాకపోతే అరకులో మీ స్నేహితురాలి కాఫీ తోటలోనో, లంబసింగి వైపో వేస్తే వస్తాయా అని అడిగారు.

రెండూ ఒకటి కావు. గడ్డ కోసినప్పుడు ఉల్లి వాసన రాలేదు, కళ్లు మండలేదు, చెయ్యి మాత్రం దురద పెట్టింది అని మీరే రాశారు. ఇక నాకు వేరే ఆధారం అక్కర్లేదు, అది ఉల్లి కాదు. ఫొటోలోని మందపాటి తెల్లటి పొరలూ, దాని సైజూ చూస్తే డ్రిమియా ఇండికా అయ్యే అవకాశమే ఎక్కువ. మనవైపు అడవి ఉల్లి అనీ, నక్కవుల్లి గడ్డ అనీ పిలిచేది దాన్నే. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లోనూ ఉంటుంది, రాతి కొండల వాలులోనూ ఉంటుంది. మంచి ఎండాకాలంలో ఒక్క ఆకు కూడా లేకుండా నేలలోంచి బోడి కాడ లేస్తుంది. దాని పొడవునా పాలిపోయిన చిన్న పువ్వులు దూరదూరంగా పూస్తాయి. ఆకులు వానలు పడ్డాక వస్తాయి.

దాంట్లో ఉండేవి గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు. గుండె జబ్బుకు డాక్టర్లు ఇచ్చే డిజాక్సిన్ ఏ చోట పట్టుకుంటుందో ఇవీ అక్కడే పట్టుకుంటాయి. డిజాక్సిన్ అయితే మైక్రోగ్రాముల్లో కొలిచి ఇస్తారు, గడ్డలో ఎంత ఉందో ఎవరు కొలుస్తారు? తింటే ముందు వాంతులు, విరేచనాలు, ఆ తర్వాత నాడి నెమ్మదించడం, గుండె లయ తప్పడం. మధ్యధరా ప్రాంతంలో దీని దగ్గరి బంధువు ఒకటుంది, దాని ఎర్ర రకాన్ని ఎలుకల మందుగా వాడేవారు. ఉడికిస్తే విషం పోతుందన్న భరోసా లేదు.

ఇక్కడే మీ ప్రశ్న కింద ఒకాయన "మా తాతగారు దీన్ని దగ్గుకు వాడేవారు, ఏమీ కాదు" అని సలహా ఇచ్చారు. వాడేవారు, కాదనను. ఆయుర్వేదంలో వనపలాండువు అనే పేరుతో దీనికి చోటుంది. కఫం తెగడానికి కొద్ది మోతాదులో ఇచ్చే మందు అది. మందుగా వాడేవాళ్లకు శుద్ధి తెలుసు, మోతాదు తెలుసు. పప్పులో తాలింపు పెట్టుకోవడం పూర్తిగా వేరే వ్యవహారం. దయచేసి ఆ సలహా పాటించకండి. ఎవరైనా ఇప్పటికే తిని ఉంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా, మిగిలిన గడ్డ ముక్క కవర్లో వేసుకుని తిన్నగా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకో, దగ్గర్లో గుండెకు ఈసీజీ తీసే ఏదైనా ఆసుపత్రికో వెళ్లండి. ముక్క చూపిస్తే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఉల్లి జాతిని గుర్తుపట్టే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మిద్దె తోటల వాళ్లు గడ్డలు ఇచ్చిపుచ్చుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. ఆకు చిన్నది తుంచి నలిపి వాసన చూడాలి. ఉల్లి, వెల్లుల్లి జాతుల కణాల్లో గంధకం ఉన్న పదార్థం ఒక అరలోనూ, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఇంకో అరలోనూ ఉంటాయి. నలిపినప్పుడే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. నలపని ఉల్లి అంత వాసన వేయకపోవడానికి కారణం అదే. నలిపినా ఉల్లి వాసన రాకపోతే నోట్లో పెట్టుకునే ప్రసక్తే లేదు. అయితే వాసన వచ్చినంత మాత్రాన తినేయమని కాదు. ఒక ఉల్లికాడ నలిపిన వేళ్లకు వాసన చాలాసేపు పట్టి ఉంటుంది. ఆ వేళ్లతోనే పక్క మొక్క నలిపితే అదీ ఉల్లిలాగే వాసన వేస్తుంది. చెయ్యి కడుక్కుని ఒక్కో మొక్కా విడిగా చూడండి. దాంతోపాటు పువ్వు చూడాలి. ఉల్లి జాతిలో పువ్వులన్నీ కాడ కొసన ఒకే చోటు నుంచి పుట్టి గుత్తి కడతాయి, విచ్చక ముందు వాటిని పల్చని కాగితంలాంటి పొర మూసి ఉంచుతుంది. మీ అబ్బాయి ఫొటోలో ఉన్నది సరిగ్గా అదే. నర్సరీల్లో అమ్మే రెయిన్ లిల్లీ గడ్డలు, చెరువు గట్ల మీద కనిపించే విషముంగిలి గడ్డలు కూడా ఉల్లిపాయల్లాగే కనిపిస్తాయి. అవి తిన్నా వాంతులే.

ఇక సిక్కిం మొక్క. ఫొటో బట్టి అది ఆలియం వాలిచీ. నిర్ధారణకు మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి. పూకాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలుగా తగిలిందా? ఈ జాతికి కాడ గుండ్రంగా ఉండదు, మూడు అంచులు స్పష్టంగా తెలుస్తాయి. ఆకులు బల్లపరుపుగా, మధ్య ఈనె కనిపించేలా ఉంటాయి. మన ఉల్లికాడల్లాగా లోపల బోలుగా ఉండవు. పువ్వులు జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తాయి. ముందు పూసినవాటికి గింజ కట్టేసరికి చివరి పూలు ఇంకా ఉంటాయి కాబట్టి సెప్టెంబరు ఆఖర్లో పువ్వూ విత్తనమూ రెండూ దొరకడంలో వింత లేదు. ఇంకో సంగతి, దీనికి ఉల్లిపాయ ఊరదు. అడుగున సన్నటి గొట్టాల్లాంటి గడ్డలు గుంపుగా ఉంటాయంతే. అక్కడివాళ్లు ఎక్కువగా వాడేది ఆకే. నేపాల్ వైపు ఆకులు ఎండబెట్టి దాచుకుని కూరల్లో, పప్పులో వేసుకుంటారు.

పేరులోని వాలిచ్ డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు. 1817 నుంచి 1846 దాకా కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు సూపరింటెండెంటు. 1843లో కుంత్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ ఉల్లికి ఆయన పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే మీ వంటింట్లో ఉన్న విషపు గడ్డకు మొదట శాస్త్రీయ నామం పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ కూడా అదే తోటకు అధికారి, వాలిచ్ కంటే ముందు. కలకత్తా వెళ్లకముందు చాలా ఏళ్లు మన సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కలన్నీ గాలించినవాడు ఆయన. సరే, ఇది నా పాత పాఠాల అలవాటు, వదిలేయండి.

అసలు విషయం ఎత్తు. ఈ మొక్క హిమాలయాల్లోనూ, నైరుతి చైనాలోనూ సుమారు 2,300 మీటర్ల నుంచి 4,800 మీటర్ల దాకా పెరుగుతుంది. ఫర్, పైన్ అడవుల అంచులు, పొదలు, వాటికి పైన ఉండే పచ్చిక బయళ్లు దాని చోట్లు. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన అర్మ కొండే దాదాపు 1,680 మీటర్లు. అంటే మన శిఖరం కొన మీద నాటినా, ఆ మొక్క సొంత నేలలో అట్టడుగు హద్దుకు ఇంకా 600 మీటర్లు కింద ఉన్నట్టే. అరకు లోయ సుమారు 900, లంబసింగి 1,000కి అటూ ఇటూ.

ఎత్తు పెరిగేకొద్దీ కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. యుమ్‌తాంగ్ దాదాపు 3,500 మీటర్లు. విశాఖలో 30 డిగ్రీలున్న రోజున ఈ లెక్క ప్రకారం అక్కడ ఏడెనిమిది డిగ్రీలు ఉండాలి. మీ అబ్బాయి వేసుకున్న స్వెట్టర్లు చూసినా తెలుస్తుంది. అరకులో తగ్గేది ఆరు డిగ్రీలే.

"లంబసింగిలో సున్నా పడుతుంది కదా, స్ట్రాబెర్రీలు కూడా పండిస్తున్నారు కదా" అని మీరు రాశారు. చాలామంది అడిగే మాటే, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. లంబసింగిలో చలి డిసెంబరు, జనవరి నెలల్లో, మబ్బు లేని పొడి రాత్రులకు వచ్చే చలి. పగలంతా నేల పట్టిన వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది, చల్లబడ్డ బరువైన గాలి పల్లంలోకి దిగి నిలబడుతుంది. తెల్లవారి పొగమంచు, గడ్డి మీద పేరిన మంచు ఆ పుణ్యమే. పొద్దు పైకి వచ్చాక మళ్లీ హాయిగా వెచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మేలలో అక్కడా ఎండలే. స్ట్రాబెర్రీని అక్కడ చలికాలపు పంటగా వేసి, ఎండలు ముదిరేలోపు కోసేసుకుంటారు. ఏడాది పొడుగునా అదే మొక్కను ఆ నేలలో బతికించే బాధ్యత ఎవరూ పెట్టుకోరు.

యుమ్‌తాంగ్ ఉల్లి పద్ధతి దీనికి తలకిందులు. అది పెరిగేది వానాకాలంలో, చల్లటి వానలో. చలికాలమంతా పై భాగం ఎండిపోయి వేళ్లు మంచు కింద నిద్రపోతాయి. ఆ నిద్ర నెలల తరబడి ఉండాలి. రెండు వారాల చలి దానికి లెక్కలోకి రాదు. మన దగ్గర అది పెరగాల్సిన జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేల వెచ్చగా, తడిగా ఉంటుంది. వెచ్చని తడి మట్టి అంటే కుళ్లు తెచ్చే బూజులకు పండగ. దానికి తోడు రాత్రి వేడి. మొక్క పగలు చేసుకున్న చక్కెరను రాత్రి ఊపిరి తీసుకోవడానికి ఖర్చు పెడుతుంది, రాత్రి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఖర్చు. విశాఖలో మే నెల రాత్రి 27, 28 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మిద్దె మీద శ్లాబు వేడి అదనం. పగటి సంపాదన రాత్రికే చెల్లిపోయే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

కొందరు పగటి పొడవు తేడా వల్ల రాదంటారు. నేనైతే ఒప్పుకోను. నడివేసవిలో సిక్కింకూ మనకూ పగటిలో తేడా ముప్పావు గంట దాటదు. ఇబ్బంది వేడితోనే.

అరకు వైపు పైన్ చెట్లు చూసి "అక్కడ శంఖాకార వృక్షాల అడవి ఉంది కదా" అని ఆశపడొద్దు. అవి నాటినవి. ద్వీపకల్ప భారతంలో సహజంగా పెరిగే ఆ కోవ చెట్టు ఒక్కటే, అదీ పడమటి కనుమల దక్షిణ భాగంలో. (దాని పేరూ వాలిచ్ మీదే, నాగియా వాలిచియానా.) ఆ చెట్ల నీడ ఒక్కటే ఉల్లిని బతికించదు. ఆ నీడ పడే చోటుకు ఎత్తు, చలి, మంచు కూడా ఉండాలి. దక్షిణాదిలో కాస్త అర్థమున్న ప్రయత్నం చేయాలంటే 2,240 మీటర్ల ఊటీలో చేయాలి. అక్కడా ఆ దీర్ఘ నిద్ర దొరకదు కాబట్టి నేను డబ్బు పందెం కాయను.

ఇంత చెప్పినా విత్తనాలు చేతిలో ఉన్నాక ఊరుకోలేరని తెలుసు. మొలిపించడం వరకు మన ఇంట్లోనే సాధ్యం, చేసి చూడండి. ఉల్లి జాతి విత్తనాలు తొందరగా శక్తి కోల్పోతాయి, విశాఖ గాలిలో తేమకు మరీను. అందుకని సగం విత్తనాలను ఇప్పుడే గాలి చొరబడని చిన్న సీసాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. మిగతా సగాన్ని తడిపి గట్టిగా పిండేసిన కోకోపీట్‌లో కలిపి, జిప్ కవర్లో వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. డీప్ ఫ్రీజర్లో పెట్టకూడదు. వారానికోసారి తెరిచి బూజు పట్టిందేమో చూడండి. తెల్లటి మొలక కొస కనబడిన గింజను వెంటనే తీసి వేసేయాలి. ఇప్పుడు పెడితే డిసెంబరుకు నాటే అదను వస్తుంది, మనకు ఉన్నంతలో చల్లని రోజులు అవే.

ప్రోట్రేలో వేసుకోవచ్చు గానీ నాకు లోతైన మట్టి కుండీయే ఇష్టం, మట్టి గోడలోంచి తడి ఆవిరై లోపల చల్లగా ఉంటుంది. ఎర్రమట్టి తక్కువగా, బాగా చివికిన ఆకు ఎరువూ దొడ్డు ఇసుకా ఎక్కువగా కలపండి. పచ్చి పేడ వద్దు. పొద్దుటి ఎండ తగిలి పదింటికల్లా నీడ పడే చోట, సిమెంటు నేలకు తగలకుండా ఇటుకల మీద పెట్టండి. నీళ్లు పొద్దున్నే, కుండీ అంచు వెంట. మొలకలు సన్నటి గడ్డి పోచల్లా వస్తాయి, కలుపనుకుని పీకేయకండి. నారుకుళ్లు తెగులు వస్తే అడుగున మెత్తబడి వాలిపోతాయి, అలాంటివి మట్టితో సహా తీసి పారేయాలి. ఫిబ్రవరి దాకా ముచ్చటగా ఉంటాయి. మార్చి నుంచి ఆకు కొసలు ఎండడం మొదలవుతుంది, తామర పురుగులు కూడా అప్పుడే పడతాయి. ఎండలు ముదిరాక దాన్ని నిలబెట్టే మార్గం నాకు తెలిసి లేదు. ఏసీ గదిలో పెట్టి లైటు వేసి పెంచే వాళ్లున్నారు. కరెంటు బిల్లు కట్టేవాళ్ల ఇష్టం.

అరకు స్నేహితురాలి తోటకు వేరే సలహా ఉంది, ఇదే మీకు అన్నిటికంటే పనికొస్తుంది. ఆలియం హుకెరి అని ఈ ఉల్లికి ఒక బంధువు ఉంది. మణిపూర్‌లో ఇంటింటా పెంచుకుంటారు, మరోయ్ నాపాక్పి అంటారు. ఇది కూడా కొండ మొక్కే, అయినా ఇంఫాల్ లోయలో చక్కగా సాగులో ఉంది, ఆ లోయ ఎత్తు 800 మీటర్లకు లోపే. అంటే మన అరకు కంటే కూడా కిందే. శ్రీలంక కొండల్లోనూ ఈ జాతి ఉంది కాబట్టి మరీ మంచు తప్పనిసరి అనే రకం కాదు. వెడల్పు ఆకులు, తెల్లటి పువ్వులు, గడ్డకు బదులు కండపట్టిన వేళ్లు. ఆకూ వేరూ రెండూ తింటారు, ఘాటు వెల్లుల్లికీ ఉల్లికీ మధ్యలో ఉంటుంది. విత్తనం కోసం చూడకుండా పిలకలు తెప్పించుకోవడం మేలు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ పలచగా ఉన్న చోట, నీళ్లు నిలవని వాలులో, తొలకరి పడ్డాక నాటమనండి. తోటంతా వేయకుండా ముందు నాలుగైదు పిలకలు చాలు, ఒక ఎండాకాలం దాటాయో లేదో చూసుకుని పెంచుకోవచ్చు.

మిద్దె మీదకైతే చైనా ఉల్లికాడ, ఆలియం ట్యూబరోసం. గార్లిక్ చైవ్స్ అనే పేరుతో అమ్ముతారు. ఆకులు చదునుగా ఉండి వెల్లుల్లి వాసన వేస్తాయి, వేసవిలో మధ్యాహ్నం షేడ్ నెట్ కింద ఉంచితే మన ఎండలను తట్టుకుంటుంది. రెండు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. తెల్లటి నక్షత్రాల పూగుత్తి కూడా వస్తుంది కాబట్టి మీ ఫొటో ముచ్చట కొంత తీరుతుంది. దీన్ని కొనేటప్పుడు కూడా ఆకు నలిపి చూడకుండా తీసుకోకండి. "హిమాలయన్ వైల్డ్ ఆనియన్" అని రంగురంగుల ఫొటోలు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాల జోలికి అసలు పోవద్దు, నీలం పువ్వు బొమ్మ ఉన్నవాటి జోలికి మరీను.

మీ అబ్బాయి మళ్లీ వెళ్తానంటున్నాడు, ఈసారి మొక్కే పెకలించి తెస్తానన్నాడని రాశారు. వద్దని గట్టిగా చెప్పండి. యుమ్‌తాంగ్ దగ్గర షింగ్బా రోడోడెండ్రాన్ అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం లోపల్నుంచి అనుమతి లేకుండా మొక్క పీకడం నేరం. పెరట్లోంచి ఇంటివాళ్లు ఇచ్చిన విత్తనాలతో ఆ పేచీ లేదు.

పక్కింటివాళ్లకు ఆ గడ్డ సంగతి ఈరోజే చెప్పండి. వాళ్లింట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు. గడ్డను చెత్తబండిలో ఊరికే వేయకుండా కవర్లో కట్టి, పైన విషం అని రాసి ఇవ్వండి, ఎవరో ఉల్లిపాయ అనుకుని ఏరుకోవచ్చు. కత్తీ, పీటా సబ్బుతో కడగండి. మీ ఫొటోలో కుండీల పక్కన కుక్కపిల్ల కనిపించింది. దానికి ఈ గడ్డే కాదు, నిజమైన ఉల్లి జాతులు కూడా పడవు, తింటే నెత్తురులోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. గార్లిక్ చైవ్స్ కుండీ దానికి అందని ఎత్తులో పెట్టుకోండి. పూకాడ మూడు పలకలో కాదో అబ్బాయిని అడిగి ఇక్కడే రాస్తే జాతి విషయంలో మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోతుంది.